మరక పైకి

నా కథలో అక్క దుప్పట్లో మొహం దాచుకుని ఏడ్చింది. నిజానికి అక్క ఏడవలేదు. ఆ సంగతి రాసేటప్పుడు నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

అక్క పద్దెనిమిదేళ్లుగా ఒక లాండ్రీలో పనిచేస్తోంది. లాడ్జీల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపే చోటు. ఆర్నెల్ల క్రితం అక్కడ సూపర్‌వైజరు ఉద్యోగం ఖాళీ అయింది. అది అక్కకే అని అందరూ అనుకున్నారు. ఓనరు తన బావమరిదికి ఇచ్చాడు. అతనికి మిషను ఎక్కడ ఆన్ చెయ్యాలో చూపించింది అక్కే. ఉద్యోగం అతనికిచ్చిన సాయంత్రం నాకు ఫోన్ చేసి, "అతనికే ఇచ్చేశారే. ఉన్న దుప్పట్లు మడతపెట్టేసి వచ్చాను" అంది. అయ్యయ్యో అన్నాను. ఫోన్ పెట్టగానే వంటింటి సొరుగులోంచి నోటుపుస్తకం తీశాను. పెళ్లైన ఇరవై ఏళ్లకి కథలు రాయాలని కూర్చున్నదాన్ని. కథకి పనికొచ్చే విషయం దొరకడం అదే మొదటిసారి.

రెండు వారాలు రాశాను. దుప్పట్లు మడతపెట్టి రావడం చప్పగా అనిపించింది, అందుకని ఏడిపించాను. మా ఆయన చదివి కళ్లు తుడుచుకున్నాడు. పత్రిక సంపాదకుడు ఫోన్ చేసి, ఆ ఏడుపే కథకి ప్రాణమనీ, వచ్చే నెల వేస్తామనీ చెప్పాడు. సంబరంగా ఒక కాపీ తీసుకెళ్లి అక్కకి ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే అక్క వచ్చింది. చెప్పులైనా విప్పకుండా తిన్నగా వంటింట్లోకొచ్చి కాగితాలు పొయ్యిగట్టు మీద పడేసింది. తన గురించి రాశానని కోపం కాబోలనుకున్నాను. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకున్నాను: పేరు పెట్టలేదు, ఊరు మార్చాను, జడ కూడా పొట్టిచేశాను.

"రాస్తే రాశావులే. నన్నెందుకు ఏడిపించావు?" అంది.

నేనూ తగ్గలేదు. కథన్నాక కాస్త కల్పన ఉంటుందనీ, చదివేవాళ్లకి జాలి పుట్టాలనీ, కథల సంగతి నీకేం తెలుసనీ అనేశాను. ఆ చివరిమాట అనకుండా ఉండాల్సింది.

"ఇస్త్రీ చేసిన దుప్పట్లో మొహం పెట్టి ఏడిస్తే దాన్ని మళ్లీ ఉతికేదెవరే? మీ ఆయనా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వితే చెంప పగిలేలా ఉందని ఆపుకున్నాను.

"ఆ రోజు నువ్వేం చేశావక్కా అని ఒక్క మాట అడిగావా?"

అడగలేదు. అక్క నిలబడే చెప్పింది, గొంతు కొంచెమైనా తగ్గించకుండా. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని మరకలు ప్రతి మూటలోనూ ఉంటాయట. అవి లోపలి మడతలోకి వెళ్లేలా మడవడం అక్క తనంతట తాను కనిపెట్టుకున్న పద్ధతి. దొంతర చూస్తే అంతా తెలుపే. అదంతా తన సబ్బు మహిమ అని ఓనరు నమ్మకం. ఆ రోజు అక్క అరవై దుప్పట్లు మడిచింది, అంచుకి అంచు కలిపి, ఎప్పటికంటే శ్రద్ధగా, ప్రతి మరకా పైకి వచ్చేలా. మర్నాడు లాడ్జీవాళ్లు మొత్తం తిప్పి పంపారు. కొత్త సూపర్‌వైజరుకి అది మొదటి రోజు. ఇదేమిటని ఓనరు అడిగితే, మరకలు నావి కావండీ, మడత ఒక్కటే నాది అని చెప్పిందట.

నా మీద నాకు ఒళ్లు మండిపోయింది. ఇలాంటి మనిషిని పట్టుకుని దుప్పట్లో ఏడిపించాను.

అక్క ఎదుటే సంపాదకుడికి ఫోన్ చేశాను. మరకల సంగతి చెబితే, అందులో కక్ష కనిపిస్తోందనీ, పాఠకులకి ఆవిడ మీద జాలి పుట్టదనీ అన్నాడు. పుట్టక్కర్లేదండీ అన్నాను. ఏడుపు తీసేస్తే వెయ్యలేమన్నాడు. అయితే కథ వెనక్కి పంపించెయ్యమని పెట్టేశాను.

ముందుగదిలోంచి మా ఆయన, "మొదటి కథ కదా, కాస్త సర్దుకుపోవచ్చుగా" అన్నాడు. ఆ మాట ఇరవై ఏళ్లుగా వింటూనే ఉన్నాను. కథ విషయంలో వినడం ఇదే మొదలు. చెప్పులేసుకున్నాను.

అక్కకి డ్యూటీ వేళైంది. నేనూ వెంట నడిచాను. లాండ్రీలో మడతల బల్ల దగ్గర తుప్పు మరకున్న దుప్పటి ఒకటి నా మీదకి విసిరింది. మడిచాను. మరక అంచు దగ్గర తేలింది.

"మళ్లీ" అంది.

మళ్లీ మడిచాను. ఈసారి మరక ఎక్కడా కనబడలేదు గానీ మూలలు కలవలేదు. అక్క నా చేతిలోంచి లాక్కుని, విదిల్చి, మళ్లీ నాకే ఇచ్చింది.

"ఆ రోజు మొదట ఏ దుప్పటి తీశావక్కా?" అని అడిగాను.

అక్క ఇంకో దుప్పటి తీసి బల్ల మీద పరిచింది. తర్వాత, బల్ల మీంచి కళ్లెత్తకుండా, కోపంగానే చెప్పడం మొదలుపెట్టింది.