విప్పని మూట

ఆవిరి గొట్టం మళ్ళీ బుస్సుమంది. "ఒసే, పక్కకి జరగండే!" అని పెద్దక్క అరిచేలోపే వేడిపొగ గదంతా కమ్మేసింది. పొద్దున్నుంచి ఇదే వరస. గొట్టం బాగుచేయించమని అడిగితే కంట్రాక్టరు "ఏమో, నాకేం తెలుసు, మేస్త్రీనడగండి" అన్నాడు. మేస్త్రీనడిగితే "సారునడగండి" అన్నాడు. గొట్టం మాత్రం ఎవర్నీ అడక్కుండా తన పని తాను చేసుకుపోతోంది.

అది పెద్దాసుపత్రి వెనక ఉన్న లాండ్రీ. వార్డుల్లోంచి మాసిన దుప్పట్లూ, దిండు గలీబులూ మూటలుగా వచ్చి పడతాయి. ప్రతి మూటనీ విప్పి, దులిపి, లోపలేమైనా ఉందేమో చూసి మెషీన్లో వెయ్యాలని గోడమీద బోర్డుంది. బోర్డు చెప్పినట్టు చేస్తే పొద్దుగూకేసరికి ఎనభై మూటలు కూడా అవ్వవు. కంట్రాక్టరుకి నూట యాభై కావాలి. అవ్వని రోజు మూడొందల కూలిలో వంద కోత. అందుకని అక్కడి ఆడవాళ్ళు మూట విప్పరు. పైనుంచి అరచేత్తో తడుముతారు. గట్టిగా ఏదైనా తగిలితేనే విప్పుతారు, లేకపోతే ముడితో సహా మెషీన్లోకి విసిరేస్తారు. అలా తడిమి చెప్పడం అక్కడ పెద్ద విద్య.

కంట్రాక్టరుకి ఆ ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు "నాకేంతెలుసు". "నాకేంతెలుసు వస్తున్నాడే, లేవండి" అని ఒకరినొకరు పొడుచుకునేవాళ్ళు. ఎదురుపడితే మాత్రం "దణ్ణం సారూ".

పోయిన నెల్లో చిన్నది అలాగే ఓ మూటని తడిమింది. చిన్నది అంటే పెద్దక్కకి తోడికోడలు, మరిది పెళ్ళాం. దుప్పటి మడతలో ఎవరో నర్సు వదిలేసిన సూది నిలబడి ఉంది. బొటనవేలి మొదట్లో కసుక్కున దిగింది. కూలి పోతుందని నోరు మెదపలేదు పిచ్చిమొహంది, గుడ్డ కట్టుకుని పని చేసింది. చెయ్యి వాచి, చీము పట్టి, జ్వరంతో పడిపోయాకగానీ ఇంట్లోవాళ్ళకి తెలియలేదు. కుడిచేతి బొటనవేలూ, చూపుడువేలూ తీసేశారు. ఆ సూది ఏ రోగి ఒంట్లోంచి వచ్చిందో ఎవరికీ తెలీదు, రక్తపరీక్షలు ఇంకా నడుస్తున్నాయి. కూతురికి జడ వెయ్యలేక మొన్న చిన్నది దువ్వెన గోడకేసి కొట్టింది.

ఇవాళ మధ్యాహ్నం ఆసుపత్రి మేట్రనమ్మ విచారణకి వస్తోంది. పనిలో దెబ్బ తగిలిందని తేలితే వైద్యం ఆసుపత్రిది, పరిహారం కంట్రాక్టరుది. చిన్నది అజాగ్రత్త అని తేలితే వైద్యమూ లేదు, పనీ లేదు.

పొద్దున కంట్రాక్టరు పెద్దక్కని తన గదికి పిలిచాడు. ఎప్పుడూ లేనిది కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"నీ మాటకిక్కడ విలువుంది కాబట్టి అడుగుతున్నా. ఆ పిల్ల తొందరపడి చెయ్యి పెట్టిందని ఒక్క ముక్క చెప్పు. మేస్త్రీ పెద్దవాడైపోయాడు. ఆ పని నీకిస్తా."

"సొంత తోడికోడలు సారూ!"

"అయితే ఏంటమ్మా? మూట విప్పొద్దని నేనెప్పుడైనా చెప్పానా? నోరు తెరిచి అన్నానా? తడమడం దానికెవరు నేర్పారో నన్ను చెప్పమంటావా?" అని నవ్వాడు.

ఏమీ తెలియని పెద్దమనిషికి అదొక్కటి ఎలా తెలిసిందో! పెద్దక్క తల వంచుకుని బయటికొచ్చేసింది. వచ్చాక, తలవంచినందుకు కడుపు భగ్గున మండింది. వీడికి మంచిగా చెబితే లాభం లేదు, తగలాలి, వీడి ఒంటికే తగలాలి అనుకుంది.

దారి ఆమె చేతిలోనే ఉంది. కంట్రాక్టరు ఇంటి బట్టలు కూడా అక్కడే ఉతుకుతారు, ఊరికే. ఇస్త్రీ పెద్దక్కదే. ఇవాళ వాటిలో ఆయన దిండు గలీబుంది, ఆయన పేరు మొదటి అక్షరం ఎర్రదారంతో కుట్టింది. మెషీన్ కింద నీళ్ళు పోయే జల్లెడలో ఎప్పుడూ రెండు మూడు సూదులు చిక్కుకుని ఉంటాయి. ఒకటి ఏరింది. గలీబు కుట్టులో, మొన పైకుండేలా గుచ్చింది. ఎంత హాయిగా ఉందని! చెంప ఆన్చగానే తెలుస్తుంది నాకేంతెలుసుకి. చిన్నదాని వేళ్ళు పోయినరోజునుంచీ పట్టని నిద్ర ఈ రాత్రి కళ్ళనిండా పడుతుందనిపించింది. గలీబుని మిగతా బట్టల మధ్య పెట్టి మూట కట్టింది.

ఇంతలో కంట్రాక్టరు ఇంట్లో అంట్లు తోమే మనిషి బట్టల కోసం వచ్చింది. పాపం, రొప్పుతూ వచ్చింది.

"ఇచ్చెయ్యక్కా, అవతల గిన్నెలు కొండలా పడున్నాయి. అన్నీ పెట్టావా? చొక్కా ఒకటి తగ్గిందని పోయినసారి నన్ను తిన్నారమ్మా బాబూ" అంటూ లెక్క సరిపోయిందో లేదో చూడ్డానికి అరచేత్తో మూటని తడమబోయింది.

"ముట్టుకోకు!"

పెద్దక్క కేకకి అందరూ తిరిగి చూశారు. మూట లాక్కుని గుండెకి హత్తుకుంది. "ఇస్త్రీ... ఇస్త్రీ ఇంకా ఆరలేదే. కాసేపాగి రా" అంది. ఆ మనిషి "బాగుంది, నీకేమొచ్చిందివాళ?" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

పెద్దక్క వెనక గదిలోకి పోయి మూట విప్పి సూది పీకేసింది. ఆయన చెంప దాకా వెళ్ళేలోపు ఆ గలీబుని ముట్టుకునేది ఎవరు? మొయ్యడానికొకతె, మడత పెట్టడానికొకతె, దిండుకి తొడగడానికొకతె. ఈ లోకంలో ఏ సూదైనా ముందు ఇలాంటి చేతుల్లోనే దిగుతుంది. ఇది తనకి కొత్తగా తెలిసిందా? తెలుసు. అన్నీ తెలుసు. తెలిసి కూడా ఎన్నాళ్ళు తెలియనట్టు బతికింది!

తడమడం కనిపెట్టింది తనే కదా. వందలు కోస్తుంటే, పిల్లలకి ఫీజులు కట్టలేక, ఓరోజు విప్పకుండా చెయ్యి వేసి చూసింది. చెయ్యి నిజం చెప్పింది. మేస్త్రీ భళా అన్నాడు. "పెద్దక్క అరచేతికి కళ్ళున్నాయే" అన్నారు అందరూ. ఆ మాట ఎంత కమ్మగా ఉండేదో! కొత్తగా వచ్చిన ప్రతిదానికీ నేర్పింది. చిన్నది మొదటిరోజు బోర్డు చూసి బుద్ధిగా మూట విప్పబోతే, దాని చేతిమీద ఒక్కటి వేసింది. "విప్పుతూ కూచుంటే తెల్లారినట్టే. తడమవే మొద్దూ!" అంది. ఏ చేతిమీద వేసిందో ఆ చెయ్యే పోయింది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని కంట్రాక్టర్ని నెలరోజులుగా తిడుతోంది. మరి తను? గిన్నె వేరైతే పాలు వేరా? తిలాపాపం తలా పిడికెడు. తన పిడికెడు తను ఇన్నాళ్ళూ చీరకొంగులో దాచుకుని తిరిగింది. అక్కడే కుప్పకూలి ఏడ్చింది.

అలాగని ఆయనమీద కసి చల్లారిందనుకునేరు! ఇంకా రాజుకుంది. పొద్దున ఆయన ఆమెని లొంగదీసింది దేంతో? దాచుకున్న ఆ పిడికెడుతోనే. అది తనే బయటపెట్టేస్తే ఆయన చేతిలో ఇంకేముంటుంది? కళ్ళు తుడుచుకుని లేచింది. సూదిని జల్లెడలో పారేసి, మొహం కడుక్కుంది.

మేట్రనమ్మ వచ్చేసరికి ఆడవాళ్ళంతా గోడవారగా నిలబడ్డారు. చిన్నది కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బల్లమీద కూర్చుంది. కంట్రాక్టరు తెల్లచొక్కాలో నిమ్మకు నీరెత్తినట్టున్నాడు.

"బోర్డు చూడండి మేడమ్. విప్పి చూడమని నిలువెత్తున రాయించాను. వీళ్ళు లోపలేం చేస్తారో నాకేం తెలుసు? ఈమె సొంత అక్క వరస, అడగండి" అన్నాడు.

"చెప్పమ్మా, ఏం జరిగింది?" అంది మేట్రనమ్మ.

"మూట విప్పలేదమ్మా, తడిమింది. తడమమని నేర్పింది నేనే."

కంట్రాక్టరు గబుక్కున తలెత్తాడు. ఆ మాట తన జేబులో ఉందనుకున్నాడాయె.

"దీనికే కాదు, ఇక్కడున్న అందరికీ నేర్పాను. గొప్పనుకున్నాను. ఇది విప్పబోతే చేతిమీద కొట్టాను. ఆ పాపం నాది, ఏం చేస్తారో చెయ్యండి. కూలి కోసింది మాత్రం నేను కాదు. విప్పిన ప్రతిరోజూ వంద కోసిన చెయ్యి ఎవరిదో అడగండి."

చిన్నది తలెత్తి చూసింది. ఆ కళ్ళలో క్షమించిన జాడ లేదు. పెద్దక్క ఆ చూపునుంచి మొహం తిప్పుకోలేదు.

"కూలి సంగతి మేస్త్రీ చూస్తాడు మేడమ్, నాకేం తెలు..."

"తెలియదుగా సారూ? తెలుసుకుందురుగాని, ఉండండి."

పెద్దక్క కుప్పలోంచి అప్పుడే వచ్చిన మూటనొకదాన్ని ఈడ్చుకొచ్చి ఆయన ముందున్న బల్లమీద దబ్బున వేసింది.

"తడమండి."

"ఏంటీ?"

"మీ అరచెయ్యి దీనిమీద వేసి ఇటునుంచి అటు గట్టిగా రాయండి. మేం రోజుకి నూట యాభై మూటలు చేసే పనే. మీకేం తెలియదు కాబట్టి, భయపడ్డానికీ ఏం లేదు."

కంట్రాక్టరు ఒకడుగు వెనక్కి వేశాడు. ఆయన రెండు చేతులూ, ఆయన్నడక్కుండానే, వీపు వెనక్కి వెళ్ళిపోయాయి. మేట్రనమ్మ ఆ చేతులు వెళ్ళడం చూసింది. అందరూ చూశారు.

గోడవార నిలబడ్డవాళ్ళలో ఒకావిడ కిసుక్కున నవ్వింది. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. ఈయనేంటే, మూట తడమమంటే చేతులే దాచేసుకున్నాడు!"

పెద్దక్కకి నవ్వు రాలేదు. ఆయన మొహం నెత్తురుచుక్క లేకుండా పాలిపోవడాన్ని తీరిగ్గా, కడుపునిండా చూసింది.

"మీరైనా తడమండమ్మా" అని మేట్రనమ్మ వైపు తిరిగింది. "మూటమీద గుర్తు మీ వార్డుదే. ఆ సూదులు మా ఇళ్ళనుంచి తేలేదు."

మేట్రనమ్మ చెయ్యి మూట దాకా వచ్చి, ముడి దగ్గర ఆగిపోయింది.

పెద్దక్క గోడ దగ్గరికి వెళ్ళి మెషీన్ స్విచ్చి ఆపేసింది. తిరిగే డ్రమ్ము మెల్లగా నిలిచిపోయింది. ఒక్కొక్కరే వచ్చి పంపు కింద చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, నేలమీద కూర్చున్నారు. చిన్నది ఎవరి పక్కనా కూర్చోలేదు.

"ఇంక మా చెయ్యి దేనికీ తగలదు సారూ. మొదటి మూట మీరే విప్పాలి" అంది పెద్దక్క.

మూట బల్లమీదే ఉంది. కంట్రాక్టరు చేతులు ఇంకా వీపు వెనకే ఉన్నాయి.