ఖాళీ కడుపుతో పాలకొల్లు దాకా

శ్యాంబాబుకు తెలివి లేదని హెలెన్ గారు ఎన్నడూ అనలేదు. ఏడో తరగతిలో అతనికి సైన్సు చెప్పిన రోజుల్లోనే ఆ తెలివి ఎటువంటిదో ఆమె కనిపెట్టారు. ఎండలో నిలబడవలసిన పని ఏది వచ్చినా తన స్థానంలో ఇంకొకరిని నిలబెట్టేవాడు. పైగా ఆ నిలబడ్డవారి చేతనే తనకు కృతజ్ఞత చెప్పించుకునేవాడు. అటువంటి పిల్లవాడు పెద్దవాడైతే ఏమవుతాడు? కమిటీ సెక్రటరీ అవుతాడు. అయ్యాడు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో మిషన్ స్కూలు సిబ్బంది ధవళేశ్వరం నుంచి పాలకొల్లు దాకా సైకిళ్ళ మీద యాత్ర చేయాలన్నది అతని ఊహే. పాలకొల్లు చర్చిలో ఆరాధన, భోజనం, ఆ వెంటనే అక్కడే స్కూలు కమిటీ సమావేశం. దారిలో మంచినీళ్ళు తప్ప ఎవరూ ఏమీ ముట్టకూడదు. ఉపవాసమంటే ఉపవాసమే.

ఉపవాసం హెలెన్ గారికి కొత్త కాదు. శుక్రవారాలు ఆమె ఉత్త మంచినీళ్ళతో గడిపేవారు. అయితే ఉపవాసమున్న మనిషి మోకాళ్ళ మీద ఉండాలి గాని పెడళ్ళ మీద కాదని ఆమె అభిప్రాయం. ఆ స్కూల్లోనే హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, ఇప్పుడు కమిటీలో సభ్యురాలిగా ఉన్న ఆమెకు ఆ యాత్రకు వెళ్ళవలసిన అగత్యం లేదు. వెళ్ళింది ఆశాజ్యోతి కోసం.

ఆశాజ్యోతి ఆ స్కూలు డ్రిల్లు టీచరు. ఉద్యోగం తాత్కాలికం. దాన్ని ఖాయం చేయాలా, వద్దా అన్నది ఆనాటి సమావేశంలోనే తేలాలి. "యాత్రలో చూద్దామండి," అని శ్యాంబాబు ముందే అందరికీ చెప్పి ఉంచాడు. "పాలకొల్లు దాకా సైకిలు తొక్కలేని మనిషి పిల్లలకి డ్రిల్లేం నేర్పుద్దండి?"

తెల్లవారుజామున ధవళేశ్వరం చర్చి ముందు ప్రార్థన ముగియగానే అతను సంచులన్నీ వసూలు చేయించి, పాస్టరు ఏసుపాదం గారి కారులో పెట్టించాడు. పాస్టరుగారు కమిటీకి అధ్యక్షులు. ఆయన కారులోనే వెళుతున్నారు. ఆశాజ్యోతి సంచిలో అరటిపళ్ళు, దిబ్బరొట్టె ముక్కలు ఉన్నాయి. ఆమె ఇచ్చేసింది. ఉద్యోగం ఎవరి చేతిలో ఉందో వారికి సంచి ఇవ్వక తప్పదు.

"మేడమ్ గారూ, మీ సంచి?" అన్నాడు శ్యాంబాబు.

"నా సంచి నా దగ్గరే ఉంటుంది."

"మరి ఉపవాసమండీ?"

"శ్యాంబాబూ, నేను ఉపవాసం మొదలుపెట్టినప్పుడు నీకు ఇంకా పాలపళ్ళు ఊడలేదు. పద."

వెనుక నిలబడ్డ లెక్కల మాస్టారు ఫిన్నీ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

ఆనకట్ట దాటి, విజ్జేశ్వరం దగ్గర కాలువగట్టు పట్టగానే శ్యాంబాబు తన గేర్ల సైకిలు మీద వంగి, ఎవరో తరుముతున్నట్టు తొక్కసాగాడు. సిబ్బందంతా అతని వెనుకనే పడ్డారు. సెక్రటరీ కంటికి ఆనడం వాళ్ళకు వేగం కన్నా ముఖ్యం. హెలెన్ గారు మాత్రం తన పాత లేడీస్ సైకిలు మీద కీర్తన పాడుకుంటూ వెళ్ళారు. భక్తితో పాటు అందులో లెక్క కూడా ఉంది. చరణం మధ్యలో ఊపిరి తెగకుండా పాడగలిగినంతే ఆమె వేగం. రాగం తడబడితే కాళ్ళు నెమ్మదించాలి. ఆకలి కోసం కూడా ఆమె కాచుకు కూర్చోలేదు. అది వచ్చి తలుపు తట్టకముందే ఒక నువ్వులుండో, సగం చక్కెరకేళీ పండో నోట్లో వేసుకుని, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం ఒక గుక్క తాగి, మళ్ళీ పల్లవి ఎత్తుకునేవారు.

పెరవలి సెంటర్లో మిగతావాళ్ళు ఆమెకు దొరికారు. ఒకరి ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు.

"మేడమ్ గారు పిక్నిక్‌కి వచ్చినట్టున్నారు," అన్నాడు శ్యాంబాబు.

"నువ్వు దేనికి వచ్చావో ఇంకా తెలియడం లేదు," అన్నారామె.

అక్కణ్ణుంచి ఎండ ముదిరింది. ఆ వేళకు డెల్టాలో దక్షిణాన సముద్రం మీది గాలి లేస్తుంది. పాలకొల్లు వెళ్ళేవాళ్ళకు అది ఎదురుగాలి. ఇక్కడే శ్యాంబాబు తెలివి పూర్తిగా వికసించింది. "లేడీస్ ఫస్టండి! ఆశా టీచర్ గారు ముందు నడిపిస్తారు," అని ప్రకటించి, ఆమె వెనుక చక్రానికి తన ముందు చక్రం దాదాపు ఆనించినట్టుగా సర్దుకున్నాడు. గాలినంతా ఆ పిల్ల రొమ్ము మీద మోస్తుంటే, ఆమె వీపు చాటున అతను నీడలో షికారుకు వెళుతున్నవాడిలా తొక్కాడు. ఆమె కాస్త నెమ్మదించినప్పుడల్లా గంట కొట్టాడు. "స్పీడు, టీచర్ గారూ, స్పీడు! కమిటీకి ఏం చెప్పమంటారు?"

ఆ మాటను వెనకాల వస్తున్న హెలెన్ గారు చెవులారా విన్నారు. గాలి సెక్రటరీ గారి గొంతును చక్కగా మోసుకొచ్చింది.

మార్టేరు ఇంకా కొంత దూరముందనగా ఆశాజ్యోతి హ్యాండిలు అటూ ఇటూ ఊగింది. దిగింది, సైకిలును గట్టు మీద పడుకోబెట్టింది, పక్కనే కూలబడింది. చేతులు వణుకుతున్నాయి. ఎండలో చల్లటి చెమట. పేరు పెట్టి పిలిస్తే ఎవర్నో పిలుస్తున్నట్టు చూసింది.

"నేను చెప్పలేదా అండీ," అన్నాడు శ్యాంబాబు, చుట్టూ చేరినవాళ్ళ వైపు తిరిగి. "విశ్వాసంలో బలహీనత. శరీరం నలగాలండి, అప్పుడే ఆశీర్వాదం."

"నీ విశ్వాసం ఆ అమ్మాయి వీపు చాటున భద్రంగానే ఉంది కదయ్యా," అన్నారు హెలెన్ గారు, సీసా మూత తీస్తూ. "తప్పుకో. నెమ్మదిగా, ఆశా, ఒక్కో గుక్కే. ఒంట్లో ఉన్న చక్కెరంతా కరిగిపోయింది, మరేం కాదు. పొయ్యిలో కట్టె లేకపోతే ఏ దేవుడికి మొక్కితే అన్నం ఉడుకుతుంది?"

నిమ్మరసం, తరువాత పండు, ఆ తరువాత నువ్వులుండ. కాసేపటికి పిల్ల కళ్ళు కుదురుకున్నాయి. మొదటి మాటగా, "నా ఉద్యోగం పోయిందా అండీ?" అని అడిగింది.

హెలెన్ గారు ఆ ప్రశ్న అడిగించినవాడి వైపు చూశారు. అతను అప్పటికే సైకిలెక్కాడు.

"కమిటీ వేళవుతోందండి. వచ్చేవాళ్ళు రండి. ఫిన్నీ గారూ, మీరు ముందు."

"నాకు మేడమ్ గారి సంచి ఉన్న వైపే దారి కనబడుతోందండి," అన్నాడు ఫిన్నీ, గట్టు మీద చతికిలబడి. మిగతావాళ్ళు కూడా సైకిళ్ళు నేల మీదికి వాల్చారు. ఆకలి వాళ్ళకు సెక్రటరీని మరిపించింది. హెలెన్ గారు తనకంటూ కాస్త ఉంచుకుని, సంచిలో ఉన్న మిగతాదంతా పంచారు.

శ్యాంబాబు ఒంటరిగా వెళ్ళాడు. ఎదురుగాలి ఎలా ఉంటుందో అతనికి ఆ రోజు మొదటిసారి తెలిసి ఉంటుంది.

ఆశాజ్యోతిని పక్కన పెట్టుకుని, మాట్లాడుకుంటూ తొక్కగలిగినంత వేగంతో అందరూ కదిలారు. మార్టేరు దాటాక ఒక తూము గట్టు మీద శ్యాంబాబు కనిపించాడు. ఒక పిక్క పట్టేసి, ఆ కాలును రెండు చేతులతో పట్టుకుని, పెదాలు తెల్లబడి కూర్చుని ఉన్నాడు. గేర్ల సైకిలు గడ్డిలో పడి ఉంది.

"ఏంటి శ్యాంబాబూ?"

"ప్రార్థన చేసుకుంటున్నానండి."

ఆ క్షణంలో తిండి చూపించి అతన్ని దేనికైనా ఒప్పించవచ్చునని హెలెన్ గారికి తోచకపోలేదు. కాని ఆకలితో ఉన్నవాడితో బేరమాడడం ఆమె చదివిన కాన్వెంటులో నేర్పలేదు. అందుకని తనకంటూ దాచుకున్న పండ్లు, ఉండలు ఆమె అతని ముందు పెట్టారు. ఉపవాసదీక్షాపరుడు తొక్క ఒలిచేదాకా కూడా ఆగలేకపోయాడు. అంతా తిన్నాక కాలు మోపలేక, అటుగా పోతున్న కొబ్బరికాయల ఆటోను ఆపి, సైకిలుతో సహా పాలకొల్లు చేరాడు. ఆశాజ్యోతి చివరిదాకా తొక్కుకుంటూనే చేరింది.

భోజనాలయ్యాక చర్చి పక్క గదిలో కమిటీ కూర్చున్నది. సిబ్బంది గోడ వెంట నిలబడ్డారు. ఏసుపాదం గారు గొంతు సవరించుకోగానే శ్యాంబాబు లేచాడు. పప్పన్నం, చేపల పులుసు అతనికి స్వరాన్ని తిరిగి ఇచ్చాయి.

"అయ్యగారూ, ఈ యాత్ర ఘనవిజయమండి. ఆశా టీచర్ గారిని నేను దగ్గరుండి ముందు నడిపించాను. అదొక ట్రైనింగండి. దారిలో కొంచెం నీరసపడ్డా ఆమె నిలబడింది. కాబట్టి ఆమె ఉద్యోగం ఖాయం చేయాలని నేనే ప్రతిపాదిస్తున్నానండి. వచ్చే ఏడు పదో తరగతి పిల్లల్ని కూడా ఇదే పద్ధతిలో, ఇదే ఉపవాసంతో, ఆమె చేతే నడిపిద్దామండి."

నాలుక చివరికి వచ్చిన మాటను హెలెన్ గారు మింగారు. మింగడం ఆమెకు అలవాటు లేని పని. అబద్ధమైతేనేం, దాని మీద ఈ పిల్లకు జీవనం దొరుకుతోంది. నిజం తరువాతైనా చెప్పుకోవచ్చు. అలా తనకు తానే సర్దిచెప్పుకుంటుండగా గోడ దగ్గర అలికిడైంది.

"అది ట్రైనింగు కాదండి," అన్నది ఆశాజ్యోతి.

"కూర్చోమ్మా," అన్నాడు శ్యాంబాబు చిరునవ్వుతో. "నీకు మేలే చేస్తున్నాం."

"కుర్చీ లేదండి నాకు." ఆమె గోడ దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేసింది. "తనకి గాలి తగలకుండా సార్ నన్ను ముందు పెట్టారండి. తినడానికి తెచ్చుకున్నది కూడా తీసేసుకున్నారు. నేను పెద్దదాన్ని, పడిపోయినా లేచాను. పిల్లలు కాలవలో పడితే? పిల్లల్ని ఖాళీ కడుపుతో నేను తీసుకురానండి. ఆ షరతు మీద ఉద్యోగమైతే నాకొద్దండి."

ఏసుపాదం గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఇది ప్రార్థనాపూర్వకంగా ఆలోచించవలసిన విషయమమ్మా. వచ్చే సమావేశానికి..."

"అయ్యగారూ," అన్నారు హెలెన్ గారు లేచి. తన మౌనానికి ఆమెకు తన మీదే రోత పుట్టింది, ఆ రోతంతా గొంతులోకి వచ్చింది. "మీరు కడుపునిండా భోంచేశారు కనుక ఆలోచించగల స్థితిలోనే ఉన్నారు. ఇప్పుడే తేల్చండి. ఈ అమ్మాయి చెప్పినదంతా నేను కళ్ళారా చూశాను. శ్యాంబాబూ, నువ్వు పాలకొల్లు ఎలా వచ్చావు?"

"సైకిలు పంక్చరైందండి."

"టైర్లు నేనే నొక్కి చూశానండి," అన్నాడు ఫిన్నీ వెనకనుంచి. "రాళ్ళలాగున్నాయి."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో సెక్రటరీ మీద ఉన్న భయం కాస్తా దిగిపోయింది. ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు: సంచుల సంగతి, గంట సంగతి, కొబ్బరికాయల ఆటో సంగతి. చివరికి ఏసుపాదం గారు చేతులెత్తమన్నారు. ఆశాజ్యోతి ఉద్యోగం ఖాయం. పిల్లల యాత్ర ఎప్పుడు జరిగినా తిండి, వేగం ఆమె నిర్ణయం ప్రకారం. అందరి చేతులూ లేచాయి. లెక్క తేలిపోయిందని నిర్ధారించుకున్నాక శ్యాంబాబు కూడా ఎత్తాడు.

"ఇప్పుడు ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పు," అన్నారు హెలెన్ గారు.

"నేను దేవుడికి చెప్పుకుంటానండి."

"ఎదురుగాలికి నువ్వు దేవుణ్ణి అడ్డం పెట్టుకోలేదు."

అతను బల్లవైపు చూస్తూ ఏదో గొణిగాడు.

"ఆ అమ్మాయి బల్ల మీద లేదు, శ్యాంబాబూ."

అతను తల ఎత్తాడు. గోడ వైపు చూసి, అందరికీ వినబడేలా, "తప్పయిందమ్మా," అన్నాడు.

ఆశాజ్యోతి విన్నది. "సరేనండి," అన్నది. పర్వాలేదండి అని మాత్రం అనలేదు. హెలెన్ గారికి ఆ పిల్ల అప్పుడు నిజంగా నచ్చింది.