నత్త పోస్ట్‌మాన్

పిల్లలూ, మీ చిన్నమ్మమ్మ ఉద్యోగం ఎలా నిలబడిందో మీకెవరూ చెప్పలేదు కదూ? ఉన్నదున్నట్టు చెబుతాను, ఇలా కూర్చోండి.

అప్పటికావిడ ఎవరికీ అమ్మమ్మ కాదు, ఇరవై రెండేళ్ల పిల్ల. పిల్లల పుస్తకాలు అచ్చేసే చోట బొమ్మలు గీసేది. పొద్దున్నే వచ్చి, కుంచెలు కడుక్కుని, కిటికీ పక్క బల్ల ముందు కూర్చునేది. ఆ గదిలో బాగా కుదిరిన బొమ్మ కాగితం మీద ఉండదు. లేచి, ఒళ్లు విరుచుకుని, తన పని మీద తాను పోతుంది. పెద్ద చిత్రకారిణి గీసిన దర్జీ కోతి అందరి చొక్కాల గుండీలూ లాగి చూస్తూ తిరిగేది. "కాస్త జరుగు నాయనా" అంటూ టీ కప్పులతో దాన్ని తప్పించుకుని నడిచేవారు.

చిన్నమ్మమ్మ బొమ్మ మూడు నెలలైనా ఒక్కటీ లేవలేదు. శుక్రవారం ఐదింటిలోగా లేవకపోతే ఉద్యోగం లేదన్నాడు యజమాని. మాటంటే మాటే అనే మనిషి. ఉద్యోగం తీసేసినట్టు ఉత్తరం టైపు చేయించి, ఆవిడ ఇంటి చిరునామా రాయించి, టపా బుట్టలో ముందే వేయించాడు.

ఆ శుక్రవారం ఆవిడ నత్త పోస్ట్‌మాన్‌ను గీసింది. టోపీ, మీసం, ఇత్తడి గుండీలు, గొడుగు, మెడలో ఈల. ఏదీ వదల్లేదు.

"పెళ్లికొడుకులా ఉన్నాడే! ఉత్తరాలెప్పుడు పంచుతాడు?" అంది పెద్ద చిత్రకారిణి.

"నవ్వకండక్కా. ఇంకేం గీయాలో చెప్పండి."

"గీసింది చాలు. మొత్తం నల్ల సిరా పూసెయ్. అలా పూసినా వాడెవడో తెలియాలి."

పూసింది. బొగ్గు ముద్దలా ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడుపు తర్వాత. వీడికేం కావాలి?"

"ఉత్తరం సరైన ఇంటికి చేరాలి."

"దేనికి భయం?"

"తప్పు ఇంట్లో ఇచ్చేస్తానేమోనని."

"ఆ రెండూ మీసంలో కనిపిస్తాయటే?"

చిన్నమ్మమ్మ కొత్త కాగితం తీసింది. టోపీ, గొడుగు, గుండీలు అన్నీ పోయాయి. వీపు మీది గుల్లే ఉత్తరాల సంచి అయింది. ఒక కన్ను వంగి కవరు మీద చిరునామా చదువుతోంది, రెండోది మెడ సాచి దారి వెతుకుతోంది. అంతే. నల్లగా పూసినా వాడే, ఇంకెవడూ కాదు.

"ఏడు గీతల్లో ప్రాణం పెట్టావే తల్లీ!" అంది పెద్ద చిత్రకారిణి.

కానీ అప్పటికి ఐదూ పది. "ఆలస్యమైంది," అన్నాడు యజమాని. "ఉత్తరం నీ చేతికందిన రోజు నుంచి రానక్కర్లేదు."

అప్పుడే నత్త కాగితం మీంచి దిగింది. ఎవరూ పొమ్మనలేదు. నేరుగా టపా బుట్ట దగ్గరికి పాకి, ఉన్న ఒక్క ఉత్తరాన్నీ తీసి, చిరునామా రెండుసార్లు చదువుకుని, సంచిలో వేసుకుని గుమ్మం దాటింది.

యజమాని గుమ్మం దాకా వెళ్లి చూశాడు. "సరే, అందేదాకా వస్తూ ఉండు," అన్నాడు.

చిన్నమ్మమ్మ ముప్పై నాలుగేళ్లు ఆ పనికి వెళ్లింది. ఎన్ని బొమ్మలు లేపిందో లెక్కలేదు. నత్త మాత్రం ఇంకా రెండో వీధి మలుపు దగ్గరే ఉందట, ప్రతి గుమ్మం ముందూ ఆగి, ఇంటి నంబరు సరిచూసుకుంటూ.

ఈ కథ మీ దగ్గరే ఆపేయకండి. మీ తర్వాత పుట్టేవాళ్లకీ చెప్పండి. దారిలో ఎక్కడైనా వాడు కనిపిస్తే తొందరపెట్టొద్దని కూడా చెప్పండి.