కుటుంబానికి ఒక చెట్టు

ముందు జిగురు వాసన వచ్చింది.

కారు తలుపు తెరవగానే – చలి చెంపకు తగలకముందే, తెల్లదనం కళ్ళకు గుచ్చుకోకముందే – పచ్చటి, ఘాటైన ఫర్ చెట్ల జిగురు వాసన. ఔస్మా గుండెల నిండా పీల్చుకుంది. ఏడాదికోసారి ఈ వాసన తగిలితే చాలు, ఆమె వయసు ఎటో పారిపోతుంది. మోకాళ్ళ నొప్పి మాత్రం ఎక్కడికీ పోదు. అది వేరే సంగతి.

మంచు… ఎటు చూసినా మంచు…

అడవిని రెండుగా చీల్చుకుంటూ కరెంటు తీగలు పోతున్నాయి. వాటి కింద ఖాళీ బాట. ఆ బాటలో అక్కడక్కడా పిల్ల ఫర్ చెట్లు, నెత్తిన మంచు మోస్తూ. తీగలకు తగలకుండా ఎలాగూ కొట్టేసేవే. అందుకే లాత్వియాలో క్రిస్మస్ పండగ ముందు ఎవరైనా సర్కారు అడవికి రావచ్చు, ఇంట్లో అలంకరించుకోవడానికి ఒక చెట్టు కోసుకుపోవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. ఎవరినీ బతిమాలక్కర్లేదు.

కుటుంబానికి ఒకటే.

చిక్కంతా అక్కడే వచ్చింది.

ఔస్మాకు ఒక ఇల్లుంది. ఎవాల్డ్స్‌కూ ఒక ఇల్లుంది. ఆమె భర్త పోయి చాలా కాలమైంది. అతని భార్య పోయీ చాలా కాలమే. ఇద్దరూ చర్చి గానబృందంలో పాడతారు – ఆమె ముందు వరుసలో, అతను వెనక వరుసలో. ఆదివారాలు అతను ఆమె ఇంట్లో భోంచేస్తాడు. శనివారాలు ఆమె పొయ్యికి కట్టెలు కొట్టిపెడతాడు. ఇన్నేళ్ళయినా ఒకరినొకరు 'మీరు' అనే పిలుచుకుంటారు. ఏటా ఎవరి చెట్టు వాళ్ళే తెచ్చుకునేవారు.

ఈసారి అతను ఫోన్ చేశాడు. బోలెడంత సేపు వాతావరణం గురించి మాట్లాడాడు. చివర్న, "కారు ఖాళీగానే ఉంది… వస్తారా?" అన్నాడు.

ఖాళీగా ఉందట! ఎన్నడు నిండింది గనక, ఆ కారు?

ఆ సంగతి ఔస్మా పొరపాటున వెల్తా చెవిన వేసింది. గానబృందంలో పక్కన నిలబడే వెల్తాకు పాట కంటే ఊసులంటేనే ప్రాణం.

"అయితే ఒక చెట్టా, రెండు చెట్లా?" అంది వెల్తా, పాటల పుస్తకం చాటునుంచి.

"చెట్ల లెక్క నీకెందుకే?"

"నాకెందుకూ? నీకే కావాలి. కుటుంబానికి ఒకటేగా, తల్లీ!"

ఔస్మా నవ్వేసి ఊరుకుంది. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

ఒకటా… రెండా…

అడవికి అతను తెచ్చింది ఒక రంపం, ఒక తాడు. ఒకటే తాడు – అంటే ఒకటే చెట్టా? తాడు చాలా పొడుగ్గా ఉంది – అంటే రెండా? ఔస్మాకు తన మీద తనకే ఒళ్ళు మండింది. తాడును చూసి జాతకం చెప్పుకునే వయసా ఇది!

అతను ముందు నడిచాడు. అతని బూట్లు చేసిన గుంటల్లో ఆమె అడుగులు వేసింది.

ఇదా? కొసన రెండు తలలు. కాదు.

ఇదా? కింద కొమ్మలన్నీ కుందేళ్ళు కొరికేశాయి. కాదు.

ఇదా… పొట్టిది, లావుది, ఆదివారం భోజనం చేసి లేచిన పాస్టరు గారిలా. ఇద్దరూ నవ్వారు. పాపం, కాదు.

నడుస్తూ నడుస్తూ ఆమె చలి మరిచిపోయింది. ఒకటా రెండా అన్నది కూడా మరిచిపోయింది. చూడటం, చుట్టూ తిరగడం, వద్దనుకోవడం, ఇంకో దాని వైపు పోవడం – అంతే పని. వద్దనుకున్న ప్రతి చెట్టూ రాబోయే చెట్టు మీద ఆశ పెంచుతోంది. ప్రపంచంలో ఇంత మంచి పని ఇంకోటి ఉందా అనిపించింది.

అదుగో.

ఇద్దరూ ఒక్కసారే చూశారు.

నిటారుగా నిలబడి ఉంది. మరీ పొడుగు కాదు, పొట్టీ కాదు. ఔస్మా కొమ్మ పట్టుకుని కదిపింది. మంచు జలజలా రాలి మెడలోకి జారింది. కెవ్వుమంది. మంచు కింద ఎంత పచ్చదనమని! ఆమె ఇటునుంచి, అతను అటునుంచి చెట్టు చుట్టూ తిరిగారు. వెనకవైపు ఎదురుపడ్డారు. అతను చెట్టు పక్కన బిగుసుకుని నిలబడి, "నాకంటే అందంగానే ఉంది" అన్నాడు.

"అదేమంత గొప్ప?" అంది ఔస్మా. సంతోషంతో ఆమె కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

మనసులో అప్పుడే చెట్టును నిలబెట్టేసింది. తన పొయ్యి పక్కన… కాదు, అతనింటి గోడ గడియారం కింద… కాదు, పొయ్యి పక్కనే. ఏటా చెట్టుకు వేలాడదీసే తన గాజు పిట్టలూ, అతని భార్య అల్లిన గడ్డి నక్షత్రాలూ ఒకే కొమ్మ మీద ఇరుక్కుని కూర్చున్నాయి. వాటికి పడుతుందా? పడదా? రెండిళ్ళ మధ్యా తిరిగి తిరిగి ఆ చెట్టు అలిసిపోయింది.

ఎవాల్డ్స్ మోకాళ్ళ మీద కూర్చుని, నేలకు దగ్గరగా, శ్రద్ధగా కోశాడు. చెట్టు మెత్తగా ఒరిగింది. అతను లేచాడు. చేతి తొడుగులు దులుపుకున్నాడు. దగ్గాడు.

"ఇదయింది. మరి… మీకు?"

మీకు.

మీకు అంటే ఏమిటి? ఇది అతనిదా, అయితే? తను అడవిలోకి వచ్చింది ఎవరి చెట్టు కోసం? ఔస్మా మొహం మీదకు నవ్వు తెచ్చుకుంది.

"నాకూ కావాలిగా మరి" అంది.

పక్కనే ఉన్న చెట్టు చూపించింది. వెతకలేదు. చుట్టూ తిరగలేదు.

"ఇదా? ఒక పక్కంతా బోసిగా ఉందే…"

"గోడవైపు తిప్పి పెట్టుకుంటాను లెండి. చూసేదెవరు?"

అతను దాన్నీ కోశాడు. ఆ బోసి చెట్టు మంచులో పడి ఒకసారి వణికింది. చిత్రం! దాన్ని చూస్తే ఆమెకు మళ్ళీ సంతోషం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియలేదు.

రెండు చెట్లూ కారు దగ్గరికి ఈడ్చుకొచ్చేసరికి అక్కడ అటవీశాఖ జాకెట్టు వేసుకున్న ఒకావిడ నిలబడి ఉంది. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

"రెండు కోశారేం, పెద్దాయనా? కుటుంబానికి ఒకటే కదా!"

ఎవాల్డ్స్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"రెండు కుటుంబాలైతే ఇబ్బందేం లేదు. ఆ ముక్క చెప్పండి చాలు, నా దారిన నే పోతాను. చలి చంపేస్తోంది."

చెప్పేస్తే అయిపోతుంది. అబద్ధం కూడా కాదు. రెండిళ్ళు, రెండు పొయ్యిలు, రెండు తాళాలు. ఔస్మా కండువా సర్దుకుంది. అతనే చెబుతాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, మనిషన్నవాడు లేని రోడ్డు మీద కూడా ఎర్రలైటుకు ఆగే మనిషి. నిమిషంలో చెప్పేస్తాడు. చెప్పాలి కూడా. చెప్పకపోతే తప్పవుతుంది…

అనకండి, అనుకుంది ఆమె. దేవుడా, ఆ మాట అనకుండా ఉంటే బాగుండు.

"ఒకటే" అన్నాడు ఎవాల్డ్స్.

"ఏది ఒకటే?"

"కుటుంబం. ఒకటే. తప్పు నాది. జరిమానా రాసుకోండి."

గాలి ఆగిందో, ఆమెకు చెవులు మూసుకుపోయాయో.

ఒకటే అన్నాడు. ఎవరితో అన్నాడు? తనతో కాదు, అటవీశాఖతో! ఇలాంటి మాట ముందు తనకు కదా చెప్పాలి? అసలు ఇది ఆ మాటేనా? లేక కంగారులో నోరు జారిందా? అతని వైపు చూసింది. చెవుల దాకా ఎర్రబడి, తప్పు చేసిన కుర్రాడిలా నేల చూస్తున్నాడు. కోపం రావాలి. రాలేదు. ఏం రావాలో తెలియక ఆమె మనసు అటూ ఇటూ కొట్టుకుంది.

అటవీశాఖావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తల గోక్కుంది.

"పండగ పూట జరిమానాలేంటండీ బాబూ. ఒకటి ఇటిచ్చేయండి, మా ఆఫీసులో ఇంకా ఏదీ పెట్టలేదు. ఏది ఉంచుకుంటారో మీరే తేల్చుకోండి."

"ఆ తిన్నగా ఉన్నది తీసుకోండమ్మా" అంది ఔస్మా, తనకంటే ముందు తన నోరు అనేసినట్టు.

ఎవాల్డ్స్ తలెత్తి చూశాడు. బోసి చెట్టును కారు మీదకెక్కించి, తాడంతా దానికే చుట్టాడు, చుట్టూ చుట్టూ, ఎక్కడికో పారిపోతుందన్నట్టు.

కారు అడవి దాటింది.

"మరి రెండోది ఎందుకు కోశారు?" అంది ఔస్మా.

"రెండోది మీరే వద్దంటారనుకున్నాను."

"నేనా? 'మరి మీకు?' అని అడిగింది మీరే కదా!"

"అడగాలి కదా…" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "అడక్కుండా ఒకటేనని నేనే అనేసుకుంటే ఎలా అని…"

అయ్యో మనిషీ! ఆమెకు నవ్వొచ్చింది, కసిరి కొట్టాలనీ అనిపించింది. వద్దంటుందని ఆశపడి అడిగాడన్నమాట. తను కావాలనేసరికి కోసి ఇచ్చాడన్నమాట. మరి ఇందాకటి మాట? దాని ఊసు ఎవరు ఎత్తాలి? ఎలా ఎత్తాలి?

ఊరు వచ్చింది. ముందు వచ్చేది ఔస్మా ఇంటి సందు, అది దాటాకే అతని ఇల్లు. ఎవాల్డ్స్ వేగం తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. నడిచే మనిషి కూడా దాటిపోయేంత నెమ్మదిగా పోతోంది కారు. పైన కొమ్మలు అద్దానికి రాసుకుంటున్నాయి.

సందు మొదలు కనబడింది. తన గేటూ కనబడింది.

"పోనివ్వండి" అంది ఔస్మా.

ఎక్కడికో ఆమె చెప్పలేదు. ఈసారి అతను అడగలేదు.