సంతకం వెనక

నేను ఒక ఉత్తరాన్ని. ఒకే ఒక్క కాగితం, రెండు వైపులా రాత. రెండో వైపు అడుగున ఒక చిత్రకారుడి సంతకం ఉంది. ఆ సంతకానికి సరిగ్గా వెనక, మొదటి వైపు అడుగున, ఒక పిల్లవాడి మాట ఉంది. ఆ రెండూ వీపుకి వీపు ఆనించుకుని ఉన్నాయి. ఒకదాన్ని కత్తిరిస్తే రెండోది దానితోనే పోతుంది. నేను ఇన్నాళ్లూ పడ్డ భయమంతా ఇందులోంచి వచ్చిందే.

నన్ను రాసినవాడి పేరు జోసయా ప్లమ్లీ. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇంగ్లండు తూర్పు తీరాన నీటిరంగుల బొమ్మలు వేసి బతికాడు. సముద్రం వెనక్కి తగ్గాక మిగిలే బురదను ఇష్టంగా వేసేవాడు. బురద బొమ్మను గోడకు తగిలించుకునే వాళ్లు ఏ దేశంలోనూ ఎక్కువ మంది ఉండరు. అందుచేత ఆయన పేరు మీరు వినలేదు. దానికి నొచ్చుకోనక్కర్లేదు. ఆయన బతికుండగా పక్కవీధి వాళ్లు కూడా వినలేదు.

ఒక వేసవిలో ఆయన తీరాన కూర్చుని బొమ్మలు వేస్తుంటే, లండ్ అనే ఇంటి పిల్లవాడు రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడు. పేరు నెడ్. ఏడేళ్లు. ఆ చలికాలంలో వాడు జ్వరంతో పోయాడు. వాడి ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు. గుర్తున్నంత వరకు వాడి బొమ్మ వేసి పంపమని తల్లి ప్లమ్లీకి రాసింది. దానికి జవాబును నేను.

ప్లమ్లీ నా మీద ఇలా రాశాడు: "అమ్మా, మూడుసార్లు గీశాను. మొహం కుదురుతోంది. వాడు మాత్రం కుదరడం లేదు. నా చేతకానితనాన్ని మన్నించండి. వాడి మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అది మీకు చెందాలి. ఒకరోజు వాడు నా బొమ్మను చాలాసేపు చూసి, ‘సముద్రాన్ని వేసేటప్పుడు ఎక్కడ ఆపాలో మీకెలా తెలుస్తుంది?’ అని అడిగాడు." మొదటి వైపు అక్కడితో నిండింది. ఆయన నన్ను తిప్పి, వెనక వైపు వాతావరణం గురించీ తన దగ్గు గురించీ నాలుగు ముక్కలు రాసి, అడుగున పెద్దగా సంతకం చేశాడు. సంతకం మాత్రం చాలా గొప్పవాడిలా చేసేవాడు.

ఆ తల్లి నన్ను ఎన్నిసార్లు విప్పి చదివిందో నా మడతలకు తెలుసు. ఆమె పోయాక నేను ఆమె మేనకోడలు ఆగ్నెస్ చేతికి వచ్చాను. ఆ రోజుల్లో అక్కడి ఆడపిల్లలకు సంతకాలు పోగుచేయడం ఒక సరదా. సంతకం మాత్రమే కావాలి. ఉత్తరం అక్కర్లేదు. ఆగ్నెస్ ఒక వానరోజు మేనత్త సొరుగు మొత్తం బల్ల మీద కుమ్మరించి, కత్తెర తెచ్చుకుని కూర్చుంది. నా పైన ఒక మతగురువు ఉత్తరం ఉండేది, నా కింద ఒక సైనికాధికారిది. ఆ ఇద్దరి పేర్లూ ఆల్బమ్‌లోకి వెళ్లాయి. మిగిలిన కాగితాలు నిప్పుగూట్లోకి వెళ్లాయి. అవి ఏ కబుర్లు మోసుకొచ్చాయో, ఎవరిని ఓదార్చాయో ఎవరూ అడగలేదు. నా వంతు వచ్చినప్పుడు ఆమె సంతకం చూసి మొహం చిట్లించింది. "ఎవరీయన?" అని తనలో తాను అనుకుని నన్ను పక్కకు విసిరేసింది.

అనామకుడు రాసినందువల్ల నేను బతికాను. కాని ఆ కత్తెర చప్పుడు నాలో ఉండిపోయింది. తరవాత ఎక్కడ ఏ లోహం టక్కుమన్నా నా అంచులు వణికేవి.

చాలా కాలం పెట్టెల్లో, పాత పుస్తకాల మధ్య, దుకాణాల అటకల మీద గడిపాను. ప్లమ్లీ బొమ్మలు ఏమయ్యాయో తెలియదు. చివరికి ఒక ముసలాయన నన్ను మరో కవరులో పెట్టి భారతదేశానికి పంపాడు. ఆయనకు కాకినాడలో ఒక కలం స్నేహితుడు ఉండేవాడు. ఆ స్నేహితుడు అగ్గిపెట్టెల మీది బొమ్మకాగితాలు పంపితే, ముసలాయన పాత ఉత్తరాలు పంపేవాడు. అలా నేను ఉత్తరం కడుపులో ఉత్తరంగా సముద్రం దాటి, చామర్తి విశ్వపతి గారింట్లో దిగాను.

విశ్వపతి హైస్కూల్లో డ్రాయింగు మేష్టారు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు చిత్రకారుల్లో ఎవరికీ పట్టని వాళ్ల సంతకాలు సేకరించేవారు. కాకినాడలో ఆ పని చేసే మనిషి ఆయన ఒక్కరే అని వేరే చెప్పనక్కర్లేదు. ఆయన నన్ను కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, సంతకం చూసి, "ప్లమ్లీ!" అన్నారు, తప్పిపోయిన బంధువు దొరికినట్టు. అంత సంతోషంగా నన్ను ఎవరూ చూసి ఎరగరు. వందేళ్లలో మొదటిసారి నా భయం కొంచెం సడలింది.

మర్నాడు ఆయన సొరుగు తెరిచినప్పుడు లోపల కలరా ఉండల పక్కన కత్తెర కనబడింది.

ఆదివారాల్లో జాన్ వరప్రసాదం అనే స్నేహితుడు వచ్చేవాడు. పోర్టులో గుమస్తా. సినిమా వాళ్ల సంతకాలు పోగుచేసేవాడు.

"మేష్టారూ, నా దగ్గర హీరోయిన్ల సంతకాలున్నాయండీ. చూపిస్తే ఏ ఇంట్లోనైనా భోజనం పెట్టి పంపుతారు. మీ ప్లమ్లీ గారిని చూపిస్తే మంచినీళ్లు కూడా ఇవ్వరు" అన్నాడు.

"అందుకేనయ్యా. గొప్పవాళ్లని దాచుకోడానికి లోకమంతా ఉంది. వీళ్లకి నేనున్నాను" అన్నారు మేష్టారు.

"దాచుకోడమంటే పీకలు కొయ్యడమా?" అని లోపలి నుంచి ఆడగొంతు వినబడింది.

ఆవిడ ఆయన భార్య సీతారత్నం. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. రోజంతా ఇతరుల మాటలు ఒకరి నుంచి ఒకరికి కలపడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లో మాత్రం మాటలు తక్కువ. భార్యాభర్తలిద్దరూ అవసరమైనంత వరకే మాట్లాడుకునేవారు. మూడేళ్ల క్రితం వాళ్ల పిల్లవాడు పోయాడు. ఆ పేరు అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మేష్టారు సంతకాలు మొదలుపెట్టింది ఆ తరవాతే అని జాన్ ఒకసారి ఎవరికో చెబుతుంటే విన్నాను.

ఆ నెలాఖరుకి టౌన్‌హాల్లో సేకరణల ప్రదర్శన ఉంది. మేష్టారు దానికోసం ఒక పెద్ద ఆల్బమ్ సిద్ధం చేశారు. నల్ల అట్టల్లో చిన్న చిన్న కిటికీలు కోసి, ఒక్కొక్క కిటికీ కింద చిత్రకారుడి పేరు అందంగా తెలుగులో రాశారు. కిటికీ వెనక సంతకం అతికించాలి. దానికోసం ఉత్తరాలు ఒక్కొక్కటిగా నా పక్కనుంచి వెళ్లేవి. వెళ్లినవి పేరులేని ముక్కలుగా బయటికొచ్చి, నీళ్లపొయ్యి దగ్గర బుట్టలో పడేవి. అతికించడానికి కాచిన మైదా లై వాసన ఇల్లంతా ఉండేది. ఆ వాసన వస్తే చాలు, తరవాతి వంతు నాదే అనుకునేవాణ్ణి.

శనివారం ఆయన నన్ను బయటికి తీశారు. మూలమట్టం పెట్టి, పెన్సిలుతో నా సంతకం చుట్టూ దీర్ఘచతురస్రం గీశారు. చాలా శుభ్రంగా, చాలా సున్నితంగా గీశారు. ఆ సున్నితమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆగ్నెస్‌కి నేనెవరో తెలియదు. ఈయనకు నామీద ప్రేమ ఉంది. ప్రేమ ఉన్న చేతి నుంచి ఎలా తప్పించుకోవాలో కాగితానికి తెలియదు. ఆ గీత లోపల, అవతలి వైపున, నెడ్ అడిగిన ప్రశ్న మొత్తం ఉంది. వాడు ఈ భూమ్మీద ఉండి ఒక మాట మాట్లాడాడనడానికి నేను తప్ప మరో ఆధారం లేదు.

కాని ఆయనకు తెలియకుండా అప్పటికే ఒకటి జరిగింది. ఆ వారమంతా సీతారత్నం నన్ను చదువుతూ వచ్చింది. ఆ కాలపు గొలుసుకట్టు రాత తేలిగ్గా అర్థం కాదు. ఆయన బడికి వెళ్లాక భూతద్దం పెట్టి, కూడబలుక్కుంటూ, రోజుకు రెండు వాక్యాలు చదివేది. శుక్రవారం నాటికి అడుక్కి చేరింది. చేరాక నన్ను మళ్లీ మడిచి ఎక్కడిది అక్కడ పెట్టేసింది. ఏమీ అనలేదు. నాకు ఆశ పుట్టింది, వెంటనే పోయింది. ఏమీ అనని మనుషులు ఏమి చేస్తారో ఎవరికి తెలుసు?

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేష్టారు కత్తెర తీశారు. కత్తెర కింది అంచు నా అడుగుకి తగిలింది. చల్లగా ఉంది.

"దాన్ని కొయ్యకండి" అంది సీతారత్నం గుమ్మంలోంచి.

"కిటికీ ఇంతే ఉందే. ఉత్తరం మొత్తం ఎక్కడ పడుతుంది?"

"వెనకేముందో చదివారా?"

"ఉత్తరమన్నాక వెనకేదో ఉంటుంది. చలి ఎక్కువగా ఉంది, దగ్గు తగ్గలేదు. వీళ్లందరూ అదే రాస్తారు."

ఆవిడ వచ్చి ఆయన ఎదుట కూర్చుని, తప్పుల్లేకుండా చెప్పింది, నన్ను ముట్టుకోకుండానే. "‘సముద్రాన్ని వేసేటప్పుడు ఎక్కడ ఆపాలో మీకెలా తెలుస్తుంది?’ అని అడిగాడట. ఏడేళ్లవాడు. నెడ్ అని పేరు. పోయాడు. వాళ్లమ్మకి రాసిన ఉత్తరం అది."

"సరే, నీకు కంఠతా వచ్చిందిగా. తరవాత ఓ కాగితం మీద ఎక్కించుకో" అన్నారు మేష్టారు.

కత్తెర రెండు అంచులు మెల్లగా దగ్గరయ్యాయి. నా అడుగున ఒక నూలుపోగంత చీలిక పడింది. ఆ చీలిక ఇప్పటికీ ఉంది.

"సాంబు ఏమనేవాడో ఒక్కటి చెప్పండి" అంది సీతారత్నం.

ఆయన చెయ్యి ఆగిపోయింది. మూడేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని పేరు అది. ఆ ఇంట్లో గోడ గడియారం ఉంది. అది కూడా ఆగిందేమో అనిపించింది నాకు.

"ఇప్పుడెందుకే అది?"

"ఒక్కటి. వాడు అన్నది అన్నట్టు. నాకు రావటం లేదండీ. మొన్నటినుంచి గుర్తు చేసుకుంటున్నా. మొహం వస్తోంది, మాట రావటం లేదు. ఆ బొమ్మలాయన ఎవడో, ఊరూ పేరూ లేనివాడు, పరాయి పిల్లాడి మాట రాసిపెట్టాడు. మనం రాసుకోలేదు."

మేష్టారు తల వంచుకుని కూర్చున్నారు. ఆయన వేళ్లు ఇంకా కత్తెర రంధ్రాల్లోనే ఉన్నాయి. ఆయనకు గుర్తు రాకపోతే ఏమవుతుంది? కోపం వస్తుంది. కోపం వస్తే చెయ్యి బిగుస్తుంది. నేను ఆ చెయ్యి వైపే చూస్తున్నాను.

ఆయన తల ఎత్తకుండానే అన్నారు. "‘పెరుగు మీద మీగడ నాది. కింద నీళ్లు నాన్నవి’ అనేవాడు."

సీతారత్నం ఫక్కున నవ్వింది. "అవును. ‘నాన్న పెద్దాడు కదా, నీళ్లు చాలు’ అనేవాడు." ఆ నవ్వు మధ్యలోనే మారిపోయింది. పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేష్టారు కత్తెర అంచుని నా కిందనుంచి, నాకు తగలకుండా, జాగ్రత్తగా వెనక్కి లాగారు.

ప్రదర్శనలో ఆల్బమ్‌లోని ఒక కిటికీ ఖాళీగా ఉండిపోయింది. కింద ప్లమ్లీ పేరు మాత్రం ఉంది. "ప్లమ్లీ గారు సెలవు పెట్టారాండీ?" అని జాన్ అందరిముందూ అడిగాడట. "ఇంట్లో ఉన్నారు. నిండుగా ఉన్నారు" అన్నారట మేష్టారు. ఆ తరవాత ఆయన మరే ఉత్తరాన్నీ కొయ్యలేదు. అంతకుముందు కోసినవాటి సంగతి ఆయన మాట్లాడలేదు. నీళ్లపొయ్యిలోకి వెళ్లిన వాటికి ఆయన మంచితనం కొంచెం ఆలస్యంగా అందింది.

ఆయన పోయాక సీతారత్నం సేకరణ మొత్తం ఊరి గ్రంథాలయానికి ఇచ్చేసింది. నన్ను అద్దాల బల్లలో పరిచారు. సంతకాల సేకరణ కదా అని సంతకం వైపు పైకి పెట్టారు. నేను నిబ్బరంగా ఊపిరి పీల్చుకున్నాను. అద్దంలోకి కత్తెర రాదు.

కాని వెలుతురు వచ్చింది. నెత్తిన పొద్దస్తమానం ట్యూబులైటు, సాయంత్రం పడమటి కిటికీలోంచి ఎండ. వెలుతురు కూడా కోస్తుంది. చప్పుడు చెయ్యదు, అంతే. ఏళ్లు గడిచేకొద్దీ ప్లమ్లీ సంతకం టీ రంగుకి వచ్చి, తరవాత టీ గిన్నె కడిగిన నీళ్ల రంగుకి వచ్చింది. మనుషులు దేనికోసమైతే నన్ను కొయ్యబోయారో అదే ముందు వెళ్లిపోతోంది. అడుగున చీకట్లో ఉన్న నెడ్ మాట మాత్రం నిన్న రాసినట్టు నల్లగా ఉంది. ఈ ఏర్పాటే శాశ్వతంగా ఉండాలని కోరుకున్నాను.

గ్రంథాలయాధికారి నూకరాజు ఒకరోజు నన్ను గమనించాడు. పేపరు చదవడానికి వచ్చిన సీతారత్నాన్ని పిలిచాడు. ఆవిడ జుట్టు పూర్తిగా తెల్లబడింది.

"అమ్మా, ఇది వెలిసిపోతందండి. తీసి బీరువాలో పెట్టెయ్యమంటారా? చీకట్లో ఉంటే మన మనవల కాలం దాకా ఉంటదండి."

బీరువా! నాలో ప్రతి పోగూ ఆ మాటను పట్టుకుంది.

"ఉండి?" అంది సీతారత్నం.

నూకరాజుకి అర్థం కాలేదు.

"తిరగెయ్యండి బాబూ. అటువైపు రాత పైకి పెట్టండి."

"అప్పుడు అదీ పోద్ది కదండీ!"

"పోతుంది. ఈలోపు వచ్చేపోయేవాళ్లు చదువుతారు. బీరువాలో ఎవరు చదువుతారు? నాకేమో గుర్తుండటం తగ్గిపోతోంది."

నాకు నోరుంటే వద్దని అరిచేవాణ్ణి. వందేళ్లు దాటి కాపాడుకొచ్చిన మాట అది. నిప్పుగూటి నుంచి, కత్తెర నుంచి తప్పించుకున్న మాట. ఇంతమందిలో ఆవిడ ఒక్కర్తే దాన్ని నిలబెట్టింది, ఇప్పుడు ఆవిడే వెలుతురులో పెట్టమంటోంది. ఆవిడ మొహం వైపు చూశాను. తొందర లేదు, కోపం లేదు. ఆవిడ అద్దం మీది దుమ్మును కొంగుతో తుడుస్తోంది.

నూకరాజు తాళం తీశాడు. మూత పైకి లేచింది. రెండు చేతులతో నన్ను ఎత్తి, తిప్పి, మళ్లీ పరిచాడు. సంతకం చీకట్లోకి వెళ్లింది. పిల్లవాడి మాట పైకి వచ్చింది. మూత పడింది. ట్యూబులైటు ఎప్పటిలాగే వెలుగుతోంది. మొదటి అక్షరం మీద ఆ వేడి తగిలింది. అది ఎంత నెమ్మదిగా, ఎంత తప్పకుండా పనిచేస్తుందో నాకు తెలుసు. నేను భయపడుతూనే ఉన్నాను.

"ఇటువైపు ఎవరి గురించి ఉందండీ?" అన్నాడు నూకరాజు.

సీతారత్నం పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. "ముందు చదవండి, చెప్తాను" అంది.

అతను అద్దం మీదికి వంగి, వేలు ఆనించి, ఒక్కొక్క మాటా పైకి చదవడం మొదలుపెట్టాడు.