ఆరిన బల్బు తినే కరెంటు

ఆరిన బల్బు కరెంటు తినదనుకునేవాళ్ళు హాయిగా నిద్రపోతారు. ల్యాబ్‌లో అందరూ చాటుగా ‘చాదస్తం మేడమ్’ అని పిలుచుకునే ఆవిడకు ఆ అదృష్టం లేదు. ఫోన్‌తో వెలిగించే స్మార్ట్ బల్బులు ఆరిపోయాక కూడా ఎవరు పిలుస్తారా అని చెవులు రిక్కించుకుని కూర్చుంటాయి. ఊరికే అలా కూర్చోవడానికి అవి తినే గోరంత కరెంటును కొలవడమే ఆవిడ ఉద్యోగం.

పరీక్షకొచ్చిన కంపెనీ బల్బొకటి ఉండాల్సిన దానికంటే ఎక్కువ తింటోంది. తప్పు బల్బుదో మీటరుదో తేల్చుకోవాలని, పొద్దున భర్త పనికి వెళ్ళాక పడకగది బల్బు విప్పి సంచిలో వేసుకొచ్చింది. ఇంటి వైఫై పేరే, పాస్‌వర్డే ల్యాబ్ వైఫైకీ పెట్టింది. బల్బు ఇంట్లోనే ఉన్నాననుకుని బుద్ధిగా కలిసిపోయింది.

ఆ బల్బులు భర్త తెచ్చినవే. పోయినేడు, ల్యాబ్‌లో పక్క సీటు ఇంజనీరుతో నవ్వుతూ మాట్లాడిందని అతను ఇల్లు పీకి పందిరేశాడు. ఆవిడ పెట్టె సర్దుకుంటే కాళ్ళావేళ్ళా పడ్డాడు. “ఇంకెప్పుడూ అనుమానించను, ఒట్టు” అన్నాడు. మర్నాడే గదికో బల్బు బిగించి, “నువ్వు స్విచ్ కోసం లేవక్కర్లేకుండా” అన్నాడు. పెళ్ళయ్యాక ఆవిడ కాళ్ళ నొప్పి అతనికి గుర్తుకు రావడం అదే మొదటిసారి. ఆవిడ నమ్మింది. నమ్మకపోతే మళ్ళీ పెట్టె సర్దాలి మరి!

ఇంటి బల్బు తగిలించి ఆర్పేశాక మీటరులో పాయింట్ మూడు వాట్లు కదలకుండా నిలబడింది. అంతలో పాయింట్ తొమ్మిదికి ఎగిరి, మళ్ళీ దిగింది. కాసేపాగి మళ్ళీ అంతే. వైర్లు మార్చింది, మీటరూ మార్చింది. తల ప్రాణం తోకకొచ్చింది గానీ అంకె గెంతులు ఆగలేదు.

పక్క సీటు ఇంజనీరు తొంగిచూశాడు. “ఎవరో యాప్ తెరుస్తున్నారు మేడమ్. తెరిచినప్పుడల్లా అది ‘వెలుగుతున్నావా, ఆరావా’ అని బల్బుని అడుగుతుంది. జవాబు చెప్పడానికి ఆ మాత్రం కరెంటు తింటుంది.”

“నా ఫోన్ సంచిలోనే ఉందే!” అంది ఆవిడ. అనేశాక గుర్తొచ్చింది. ఆ యాప్ భర్త ఫోన్‌లోనూ ఉంది.

చెయ్యి తగిలుంటుందిలే అని సర్దిచెప్పుకుంది. మనసు ఊరుకోలేదు. ఇంజనీరు భోజనానికి వెళ్ళగానే ఫోన్ తీసి బల్బు వెలిగించింది.

వెంటనే భర్త ఫోన్ చేశాడు.

“ఎక్కడున్నావ్?”

“ల్యాబ్‌లో.”

“మరి మన పడకగదిలో లైటేసిందెవరు?”

ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. “బల్బు నా బల్ల మీదుందండీ, పరీక్షకు తెచ్చాను. పొద్దుట్నుంచీ మీరెన్నిసార్లు చూస్తున్నారో మీటరులో తెలుస్తోంది.”

“ఛ, అదేం లేదు! ఇప్పుడే... ఊరికే చూశా.”

ఆవిడ బల్బు ఆర్పేసింది. అంకె పాయింట్ మూడుకు దిగింది.

“నిన్నెందుకు అనుమానిస్తాను? ఒట్టేశానుగా, పిచ్చిదానా...”

అతను బతిమాలుతుండగానే అంకె పాయింట్ తొమ్మిదికి ఎగిరింది. పాపం, మీటరు తప్పేం లేదు.

“పెట్టె అటక మీదుంది” అంది ఆవిడ. “సాయంత్రానికి దించి ఉంచండి, నేను స్టూలెక్కక్కర్లేకుండా.”