నా వారం ఎవరు చేస్తారు?

"జస్టీనా, నీకు బడి దొరికిందే! ఆరు వారాల్లో అయిపోతుందట!"

ఎలియాస్ పెదనాన్న గుమ్మంలో నిలబడి అలా అరిచినప్పుడు నా చేతులు రెండూ బాతు ఈకల్లో ఉన్నాయి. బాతులు కోసే రోజు మా కాలనీ ఆడవాళ్ళందరం ఆ షెడ్డులోనే ఉంటాం. వేడినీళ్ళలో ముంచి తీసిన బాతును ఒళ్ళో పెట్టుకుని, గట్టి ఈకలు ఒక తొట్టిలోకి, దిండ్లకు పనికొచ్చే మెత్తటి నూగు ఇంకో తొట్టిలోకి పీకుతాం. ఆ వాసన తలగుడ్డల్లోకి కూడా ఎక్కుతుంది.

"ఆరు వారాలా! మన పంది ఈనడానికే అంతకు రెండింతలు దాటి పడుతుంది కదా బావా" అంది వంటింటి పెద్ద రెబెక్కా పిన్ని. అందరూ నవ్వారు. పెదనాన్న కూడా నవ్వాడు.

"మంచిదేగా. చిక్కుళ్ళు సీసాలకు పట్టే వేళకు పిల్ల మళ్ళీ మీ చేతికొస్తుంది. ఫోన్లో ఆ అమ్మాయి ఎంత మర్యాదగా మాట్లాడిందనుకున్నారు! మన కోతలు ఎలా ఉన్నాయని అడిగింది. బేరమాడితే సగానికి దిగింది. దిగేవాళ్ళు నిజాయితీపరులు. బిగుసుకునేవాళ్ళనే నమ్మకూడదు."

కాలనీకి కావలసిన ట్రాక్టరైనా, సూదీదారమైనా కొనేది ఎలియాస్ పెదనాన్నే. అందరూ ఒక్క కుటుంబంలా బతికే క్రైస్తవులం మేం; మా హట్టరైట్లలో ఎవరికీ సొంత డబ్బు ఉండదు. ఒకటే ఖజానా, ఒకటే వంటిల్లు, ఒకటే గంట. నాన్నకంటే పెద్దవాళ్ళందరూ పెదనాన్నలే, అమ్మ ఈడు ఆడవాళ్ళందరూ పిన్నులే. మా బడి ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. పాఠాలు చెప్పడానికి పట్నం నుంచి వచ్చే హ్యాడ్లీ టీచరుకు వయసైపోయింది. అమెరికాలో ఈ మోంటానా గాలికి, మంచుకు ఓర్చుకుని మా పొలాల మధ్యకు రావడానికి కొత్తవాళ్ళెవరూ ఒప్పుకోవడం లేదు. అందుకని మనలోంచే ఒక పిల్లను టీచరుగా చేద్దామని మగవాళ్ళు చర్చి తర్వాత చేతులెత్తి నిర్ణయించారు. ముందు కాలనీలోనే కంప్యూటర్లో హైస్కూలు, ఆ తర్వాత విశ్వవిద్యాలయం. నన్ను ఎందుకు ఎంచుకున్నారో నాన్న ఇంటికొచ్చి గర్వంగా చెప్పాడు. బోధకుడు జకరయ్య పెదనాన్న అన్నాడట: "ఆ పిల్లకు నోరు లేదు. ఎంత చదివినా పాడవదు."

ఆ రోజు ఆ మాట డైరీలో రాసుకున్నాను. నాకు లెక్కలు వచ్చని కాదు, చిన్నపిల్లలు నా చుట్టూ చేరతారని కాదు. నోరు లేకపోవడమే నా అర్హత. అయినా సంతోషంతో నాకు నిద్రపట్టలేదు. చదువుకోవచ్చు అనే మాట ఏ దారిన వచ్చినా తీసుకుంటాను అనుకున్నాను.

బాతులు కోసిన మర్నాడు మా బడి గదిలో ఉన్న ఒక్క కంప్యూటరు ముందు కూర్చుని, ఎలియాస్ పెదనాన్న బేరమాడిన బడి పేజీ తెరిచాను. శిలువ బొమ్మ, బైబిలు వాక్యం, బంగారు రంగు ముద్ర. "అంతర్జాతీయ గుర్తింపు పొందినది." ఏ పాఠాలు చెబుతారో ఎక్కడా లేదు. టీచర్ల పేర్లు లేవు. "మీ జీవితానుభవానికే మార్కులు" అని మాత్రం ఉంది. నా జీవితానుభవం ఏమిటి? బాతులు, నూడుల్స్, నేల తుడవడం. వాటికి మార్కులిస్తామన్నవాళ్ళు లోకంలో ఇంతవరకూ ఎవరూ లేరు. ఒక్క క్షణం కళ్ళు చెమర్చాయి కూడా. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఫోను చేసి మాట్లాడే ధైర్యం నాకు లేదు. కాబట్టి విశ్వవిద్యాలయానికి మెయిలు రాశాను: ఈ బడి ఇచ్చే పట్టాతో మీ దగ్గర టీచరు చదువుకు చేరవచ్చా? రెండు రోజులకు జవాబొచ్చింది. ముద్ర ఉంటే చాలదు, ఆ ముద్ర వేసింది ఎవరో చూడాలి. ఈ బడికి గుర్తింపు ఇచ్చామంటున్న మండలిని మేమెవరమూ గుర్తించం. ఆ పట్టా ఇక్కడ చెల్లదు. చేరబోయే బడి గురించి బడివాళ్ళను అడిగితే చాలదు, దానికి గుర్తింపు ఇచ్చినవాళ్ళ గురించి మమ్మల్ని అడగండి, అని కూడా రాశారు. వాళ్ళు గుర్తించే బడుల్లో ఒకటి వెతికి పట్టుకున్నాను. రెండేళ్ళు. రోజూ పొద్దున పాఠాలు, టీచరు తెర మీద ఎదురుగా కనిపిస్తుంది, పరీక్ష రాసేటప్పుడు పక్కన ఒక పెద్దమనిషి కూర్చోవాలి. బేరం లేదు.

ఇది ఎవరికి చెప్పాలి? మా దగ్గర ఆడపిల్ల మాట పెద్దల దగ్గరికి నేరుగా వెళ్ళదు. అమ్మకు చెబితే అమ్మ నాన్నకు చెప్పాలి, నాన్న ఎలియాస్ పెదనాన్నకు చెప్పాలి. అంతదూరం వెళ్ళేసరికి నా మాటలో నేనుండను.

నాన్న పందుల బాసు. ఆయన షెడ్డుకు టీ పట్టుకెళ్ళినప్పుడు కొత్త మగపంది కోసం ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. దాని తండ్రి ఎవరు, తల్లి ఎవరు, వంశపత్రం ఏ సంఘం ఇచ్చింది, ఆ సంఘం ఎప్పటి నుంచి ఉంది, వాళ్ళ నంబరు ఇవ్వు నేనే కనుక్కుంటాను... ఫోను పెట్టేసి టీ అందుకున్నాడు.

"నాన్నా" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్ళీ అన్నాను. "నాన్నా, ఆ పందికి కాగితం ఇచ్చినవాళ్ళెవరో అడిగావు కదా. నాకు కాగితం ఇచ్చేవాళ్ళెవరో అడిగావా?"

నాన్న టీ తాగలేదు. నా వంకే చూశాడు. కోప్పడతాడనుకున్నాను. మెల్లగా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఎలియాస్‌ను పిలుచుకురా" అన్నాడు.

పెదనాన్న గొణుక్కుంటూ వచ్చాడు. "ముద్ర ఉంది కదరా, ఇంకేం కావాలి?" నాన్న, బడి పేజీలోంచి నేను రాసుకొచ్చిన గుర్తింపు మండలి నంబరుకు ఫోను చేసి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాడు. ఒక ఆడగొంతు తేనెలా పలికింది.

"గుర్తింపు మండలి అండీ, చెప్పండి."

"మీరు గుర్తింపు ఇచ్చిన ఒక బడి గురించి..." అని పెదనాన్న ఇంకా పూర్తి చెయ్యనేలేదు.

"అయ్యో, మీరా సార్! గుర్తుపట్టేశాను! కోతలు అయిపోయాయా?"

బడి అమ్మిన ఆమే బడికి ముద్ర వేసేది కూడా. నాన్న ఫోను కట్టేశాడు. అవతల పందులు మేత కోసం అరుస్తున్నాయి. "సగానికి దిగిందిరా" అన్నాడు పెదనాన్న చివరికి, పాపం పిల్లాడిలా. నాన్న నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

అలా నేను వెతికిపెట్టిన అసలు బడి ఖాయమైంది. ఒక్క మాటతో అంతా అయిపోయిందనుకున్నాను. అసలు కథ వంటింట్లో ఉంది.

"రోజూ పొద్దునంతా, రెండేళ్ళా? మరి దాని వారం ఎవరు చేస్తారు?" అంది రెబెక్కా పిన్ని, నూడుల్స్ పిండి మీద చెయ్యి ఆపకుండానే. ఆమె తప్పేమీ లేదు. నూట పది మందికి మూడు పూటలా వండాలి. మా కాలనీలో మగవాళ్ళ పనికి పేర్లుంటాయి: పందుల బాసు, కోళ్ళ బాసు, పొలం బాసు. ఆడవాళ్ళ పనికి వారాలుంటాయి: వంట వారం, రొట్టెల వారం, గిన్నెల వారం. జీతం ఎవరికీ లేదు, ఆ మాట నిజమే. కానీ బాసు పొద్దున లేస్తే బాసే. మేం లేస్తే వారం. పదిహేనేళ్ళు నిండిన రోజు నన్ను పిల్లల భోజనశాల నుంచి పెద్దల భోజనశాలకు మార్చి, ఒక చెక్క పెట్టె, తోట పార, రొట్టెలు ఒత్తే కర్ర చేతికిచ్చారు. అప్పుడు ఎంత మురిసిపోయానో. నా పేరు కూడా వారాల్లోకి ఎక్కిందని అర్థం కావడానికి కొంతకాలం పట్టింది.

నలభై అయిదు నిండితే ఆడవాళ్ళ పేరు వారాల్లోంచి తీసేస్తారు. అమ్మకు నవంబరులో నిండుతాయి. వేసవి మొదలు అందరూ ఆటపట్టిస్తూనే ఉన్నారు: "ఇంకెంత సుసన్నా, తర్వాత నువ్వు రాణివి." అమ్మ పైకి నవ్వి ఊరుకునేది. కానీ రొట్టెల వారంలో చీకటితో లేచి బూట్లు తొడుక్కుంటూ ఒకసారి నాతో అంది: "గంట వినబడ్డాక కూడా పడుకునే ఉంటే ఎలా ఉంటుందో చూడాలనుంది." అంతకుమించి తన కోసం ఏమీ కోరుకోగా నేను వినలేదు.

ఆ అమ్మే ఇప్పుడు పిండిచేతులు తుడుచుకుని, "దాని వారాలు నేను చేస్తాను. రెండేళ్ళేగా" అంది.

వంటిల్లంతా తేలికపడింది. "తల్లంటే నువ్వే సుసన్నా" అన్నారు. నాన్న "మీ అమ్మ గట్టి మనిషి" అన్నాడు. ఎలియాస్ పెదనాన్న "చూశావా, కాలనీలో దేనికైనా దారి దొరుకుతుంది" అన్నాడు. నేను మాత్రం అమ్మ మెడ వెనక తలగుడ్డ ముడిని చూస్తూ నిలబడ్డాను. ఎలియాస్ పెదనాన్న కొడుకు డేరియస్ గుర్తొచ్చాడు. కరెంటు పని నేర్చుకోవడానికి రెండు శీతాకాలాలు రోజూ పట్నం వెళ్ళాడు. కోళ్ళ షెడ్డులో అతని పని ఎవరు చేస్తారని ఒక్కరు కూడా అడగలేదు. కాలనీ చూసుకుంటుందన్నారు. కాలనీ చూసుకుంది. నా దగ్గరికి వచ్చేసరికి కాలనీ అంటే అమ్మ అయింది. బడి గుర్తింపు పొందినదా కాదా అని ఇన్నాళ్ళూ వెతికాను కానీ, అమ్మ నిద్ర పెట్టి కొన్న పట్టా నాకు చెల్లుతుందా అని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. నేను ఇక చదవకపోతే పిల్లల ముందు నిలబడే రోజు రాదు, ఈ కర్రా ఈ పారా తప్ప ఇంకేమీ మిగలదు. అయినా డైరీలో ఒక్క వాక్యమే రాసి మూసేశాను: అలా అయితే వద్దు.

సాయంత్రం ప్రార్థన తర్వాత నాన్న వెంట బోధకుడి ఇంటికి వెళ్ళాను. జకరయ్య పెదనాన్న, ఎలియాస్ పెదనాన్న బల్ల దగ్గర కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నారు. కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చాననుకున్నారు. లోపల వంటగదిలో బోధకుడి భార్య కప్పులు కడుగుతోంది.

"ఏమ్మా, సంతోషమేనా?" అన్నాడు జకరయ్య పెదనాన్న.

"పెదనాన్నా, డేరియస్ కరెంటు పనికి వెళ్ళినప్పుడు అతని కోళ్ళను వాళ్ళమ్మ చూసుకుందా?"

నేల వంక చూస్తూనే అన్నాను. కానీ అన్నాను. ఎలియాస్ పెదనాన్న నమలడం ఆపాడు. వంటగదిలో నీళ్ళ చప్పుడు కూడా ఆగింది.

"మా అమ్మ పేరు నవంబరులో తీసెయ్యాలి, అందరికీ తీసేసినట్టే. అమ్మ నా వారాలు చేస్తేనే బడి అంటే, ఆ బడి నాకు వద్దు."

నాన్న నా వెనకే నిలబడి ఉన్నాడు, వెళ్దాం పద అనలేదు.

"ఈ మాటలు నీకెవరు నేర్పారు?" అన్నాడు జకరయ్య పెదనాన్న.

"ఎవరూ నేర్పలేదు పెదనాన్నా. నేనింకా ఏ బడిలోనూ చేరలేదు కదా."

వంటగదిలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గారు. అక్కడ బోధకుడి భార్య తప్ప ఇంకో మనిషి లేదు. జకరయ్య పెదనాన్న గడ్డం నిమురుకుని, అటు తలుపు వంకా ఇటు ఎలియాస్ పెదనాన్న వంకా చూశాడు. "డేరియస్‌కు ఎలా చేశామో దీనికీ అలాగే చెయ్యి ఎలియాస్. వంటింట్లో చెయ్యి తక్కువైతే షెడ్డుల్లోంచి కుర్రాళ్ళను పంపు. గిన్నెలు తోమితే అరిగిపోరు." తర్వాత నా వంక తిరిగి, "నోరు లేదనుకున్నాను" అన్నాడు. అది మెప్పో, విచారమో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ మంచం అంచున కూర్చుని తలగుడ్డ విప్పుతోంది. "ఏమన్నారు?" అంది.

"నవంబరు నుంచి గంట కొట్టినా నువ్వు లేవక్కర్లేదంట."

అమ్మ నవ్వుతుందనుకున్నాను. తలగుడ్డను నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ మడిచింది. నాన్న బయట బూట్ల మట్టి దులుపుకుంటున్నాడు.

"మరి నేను పొద్దున్నే ఏం చెయ్యనే?" అంది అమ్మ నెమ్మదిగా.

ఆ ప్రశ్న అమ్మను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పక్కన కూర్చుని, ఆమెనే ఆలోచించుకోనిచ్చాను.